వికిరణ తాకిడికి పింగాణి పదార్థాల ఓర్పు

శ్రీలంకలోని రత్నపుర పరిసరాలలో వరిపొలాల అడుగున గులకరాళ్ళ పొర ఒకటి ఉంటుంది. దానిని అక్కడివారు 'ఇల్లం' అంటారు. రత్నాలు వెదికేవారు గోతులు తవ్వి, ఆ గులకను బుట్టలలోకి ఎత్తి, నీటిలో గుండ్రంగా తిప్పుతూ కడుగుతారు. తేలిక మన్ను కొట్టుకొనిపోగా నీలాలు, కెంపులు, స్పినెల్ రాళ్ళు, వాటితోపాటు జిర్కాన్ అనే ఖనిజం బుట్ట అడుగున మిగులుతాయి. జిర్కాన్ బరువైన రాయి. దాని సాంద్రత నీటి సాంద్రతకు సుమారు 4.7 రెట్లు. అయితే కొన్ని ఆకుపచ్చని జిర్కానులను తూచి చూస్తే ఈ సంఖ్య 4కు, అంతకన్న కొంచెం తక్కువకు కూడా దిగిపోతుంది. ఎక్స్-కిరణాలతో పరీక్షించినప్పుడు మరొక వింత బయటపడుతుంది. వెలుపల స్ఫటికపు ముఖాలు, కోణాలు చక్కగానే ఉన్నవి. లోపల మాత్రం స్ఫటికమే లేదు. రాయి తన ఆకారం చెడకుండానే గాజుగా మారిపోయినది.

పాక్ జలసంధికి ఇవతల, కన్యాకుమారి జిల్లాలోని మణవాళకురిచి తీరంలోను, కేరళలోని చవర తీరంలోను నల్లని ఇసుక పరచుకొని ఉన్నది. 1909లో షోంబెర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు నుంచి ఎగుమతి అయిన కొబ్బరిపీచుకు అంటుకొని వచ్చిన ఇసుకలో మోనజైటు రేణువులను గుర్తించాడు. ఆ దరిమిలా ఈ తీరాలు ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. ఒడిశాలోని ఛత్రపురం, ఆంధ్రప్రదేశ్‌లోని భీమునిపట్నం, కళింగపట్నం తీరాలలో కూడా మోనజైటు ఉన్నది. భారతదేశపు మోనజైటులో థోరియం ఆక్సైడు 8, 9 శాతం వరకు ఉంటుంది. స్వల్పంగా యురేనియం కూడా ఉంటుంది. ఆకుపచ్చ జిర్కాన్‌లో యురేనియం ఒక శాతంలో కొంత భాగం మాత్రమే. కేరళ దక్షిణ భాగపు శిలలు, శ్రీలంక శిలలు ఒకే ఖండంగా కలిసి ఉన్న కాలంలో, సుమారు 55 కోట్ల ఏళ్ళ క్రితం, ఒకే మహోష్ణ దశకు లోనైనవి. కనుక రెండు ఖనిజాల వయస్సు ఇంచుమించు ఒకటే. తన లోపలి నుంచి తగిలిన వికిరణపు దెబ్బలు మోనజైటుకు అనేక రెట్లు ఎక్కువ. అయినా అది నేటికీ స్ఫటికంగానే ఉన్నది. తక్కువ దెబ్బలు తిన్న జిర్కాన్ కుప్పకూలినది.

ఇది కేవలం రత్నపరీక్షకులకు సంబంధించిన విషయం కాదు. అణు విద్యుత్ కేంద్రాలలోని ఇంధనం పింగాణి జాతి పదార్థమే. ఆ ఇంధనం ఖర్చయిన తరువాత మిగిలే రేడియో ధార్మిక వ్యర్థాలను వేలు, లక్షల ఏళ్ళపాటు బంధించి ఉంచడానికి శాస్త్రజ్ఞులు ఎన్నుకొంటున్నవీ ఆ జాతి పదార్థాలే. వాటిలో ఏది జిర్కాన్ వలె కూలుతుందో, ఏది మోనజైటు వలె నిలుస్తుందో ముందుగా చెప్పగలగాలి. పొరపాటు జరిగితే దాని ఫలితాన్ని అనుభవించేవారు ఇంకా పుట్టలేదు.

స్ఫటికంలో స్థానాలు

పింగాణి అనగానే మనకు తోచేవి కప్పులు, సాసర్లు, విద్యుత్ స్తంభాల మీది తెల్లని బిళ్ళలు. శాస్త్రజ్ఞుల వాడుకలో ఈ మాటకు అర్థం విశాలమైనది. లోహాలకు ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్ వంటి మూలకాలు కలిసి ఏర్పడి, అధికోష్ణంలో కాల్చి గట్టిపరచిన సమ్మేళనాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. అల్యూమినియం ఆక్సైడు, జిర్కోనియం ఆక్సైడు, సిలికాన్ కార్బైడు, యురేనియం డయాక్సైడు ఇందుకు ఉదాహరణలు. ఇవి మిక్కిలి గట్టివి. రెండు, మూడు వేల డిగ్రీల సెంటిగ్రేడు దాకా కరగవు. గట్టిదనం ఉన్నది కాబట్టి వికిరణాన్ని కూడా ఇవి సులువుగా తట్టుకొంటాయని ఎవరైనా అనుకోవచ్చు. ఈ ఊహ సరికాదు. వికిరణం రాయిని సుత్తివలె పైనుంచి కొట్టదు. అది ఒక్కొక్క పరమాణువును దాని స్థానం నుంచి తొలగిస్తుంది.

యురేనియం లేక ప్లుటోనియం పరమాణువు ఒకటి స్ఫటికంలో ఉన్నదనుకొందాం. దాని కేంద్రకం విఘటన చెందినప్పుడు ఒక ఆల్ఫా కణం సుమారు 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో బయటికి దూకుతుంది. తుపాకి పేల్చినవాని భుజానికి వెనుకపోటు తగిలినట్లే, మిగిలిన బరువైన కేంద్రకం వెనుకకు విసరబడుతుంది. ఆల్ఫా కణం తేలికైనది. అది మిల్లీమీటరులో సుమారు 50వ వంతు దూరం పోతూ, తన శక్తిని చాలావరకు ఎలక్ట్రాన్లను కదలించడంలోనే వెచ్చించి, దారి చివర కొద్ది వందల పరమాణువులను మాత్రమే తొలగిస్తుంది. వెనుకపోటు తిన్న కేంద్రకం సంగతి వేరు. దాని శక్తి ఒక లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. అది పోయే దూరం ఆల్ఫా కణం పోయే దూరంలో వెయ్యవ వంతు. కాని ఆ ఇరుకులోనే అది వెయ్యి మొదలు కొన్ని వేల పరమాణువులను చెల్లాచెదరు చేస్తుంది. సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంపాటు ఆ చిన్న ప్రదేశం కరిగిన ద్రవంవలె ఉడికి, వెంటనే చల్లారుతుంది.

అసలు కథ ఆ చల్లారే క్షణంలో ఉన్నది. పెండ్లి పంక్తిలో భోజనాలు జరుగుతుండగా ఒక ఎద్దు జొరబడినదనుకొందాం. విస్తళ్ళ ముందు కూర్చున్నవారందరూ లేచి పరుగెత్తుతారు. ఎద్దును తోలివేసిన తరువాత ఎవరి విస్తరి ముందు వారు తిరిగి కూర్చుంటే పంక్తి మళ్ళీ పంక్తే. ఒకరి చోట మరొకరు కూర్చున్నా భోజనం సాగవచ్చు. అట్లా కాక భయపడినవారు నలుగురైదుగురు చేతులు పట్టుకొని గుంపుగా ఒక మూల చేరి కదలకపోతే పంక్తి తిరిగి ఏర్పడదు. స్ఫటికంలో జరిగేదీ ఇంచుమించు ఇదే. కనుక వికిరణాన్ని తట్టుకోవడమంటే పరమాణువులు చెదరకుండా ఉండడం కాదు; చెదరినవి తిరిగి కుదురుకోవడం.

జిర్కాన్ రసాయనికంగా జిర్కోనియం సిలికేటు. అందులో ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఒక చిన్న చతుర్ముఖిగా అమరి ఉంటాయి. స్ఫటికంలో ఈ చతుర్ముఖులు ఒకదానితో ఒకటి కలియక, జిర్కోనియం మధ్యవర్తిగా విడివిడిగా నిలుస్తాయి. దెబ్బ తగిలి అంతా కలగాపులగం కాగానే ఇవి ఆక్సిజన్‌ను పంచుకొని గొలుసులుగా పెనవేసుకొంటాయి. సిలికాకు గాజు కావడం సహజగుణం. ఒకసారి పెనవేసుకొన్న గొలుసు మామూలు ఉష్ణోగ్రతలో విడిపోదు. చేతులు పట్టుకొని మూల చేరిన గుంపు ఇదే.

మోనజైటు ఫాస్ఫేటు. అందులోనూ చతుర్ముఖులు ఉన్నవి, కాని వాటి నడుమ ఉన్నది భాస్వరం. ఫాస్ఫేటు చతుర్ముఖులు ఇట్లా పెనవేసుకోవడానికి అంతగా ఇచ్చగించవు. విడివిడిగానే ఉండిపోతాయి కనుక తమ తావులను సులువుగా చేరుకొంటాయి. స్ఫటిక నిర్మాణంలోని తేడా వల్లనే ఇట్లా జరుగుతున్నదేమో అనే సందేహం రావచ్చు. దానికి సమాధానం జెనోటైమ్ అనే ఖనిజం ఇస్తుంది. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ నదుల ఇసుకలో దొరికే ఈ ఖనిజం యిట్రియం ఫాస్ఫేటు. దాని నిర్మాణం మాత్రం అచ్చంగా జిర్కాన్ నిర్మాణమే. అయినా జెనోటైము సాధారణంగా గాజుగా మారదు. కాబట్టి కట్టడపు నమూనాకన్న దానిలో వాడిన ఇటుక స్వభావం ఇక్కడ ముఖ్యమైనది.

దాగి ఉన్న వేడి

రేడియో ధార్మికత అనే మాట పుట్టక ముందే ఈ వింతను గమనించినవారున్నారు. స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ 1815లో గాడొలినైట్ అనే ఖనిజాన్ని వేడిచేస్తుండగా అది ఉన్నట్టుండి నిప్పువలె వెలిగినది. ఎవరూ అంటించని ఈ వెలుగు ఎక్కడిదో ఆనాడు తెలియలేదు. 1893లో నార్వే భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్రోగర్ ఇటువంటి ఖనిజాలకు 'మెటామిక్ట్' అని పేరు పెట్టాడు. ఈ మాటే నేటికీ వాడుకలో ఉన్నది. ఖనిజంలోని ఆల్ఫా వికిరణమే ఇందుకు కారణం కావచ్చునని 1914లో హాంబెర్గ్ సూచించాడు. తావు తప్పిన పరమాణువులలో, వంచి పట్టిన వింటిబద్దలో వలె, శక్తి దాగి ఉంటుంది. రాయిని వేడిచేస్తే పరమాణువులు కదిలి తమ స్థానాలకు చేరుకొంటూ ఆ శక్తిని ఒక్కసారిగా విడిచిపెడతాయి. బెర్జీలియస్ చూచిన వెలుగు అదే.

ఈ దాగి ఉన్న శక్తి ఎంత ప్రమాదకరం కాగలదో 1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్‌లో ప్రపంచానికి తెలిసివచ్చినది. అక్కడి రియాక్టరులో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడానికి గ్రాఫైటు దిమ్మెలు వాడేవారు. న్యూట్రాన్ల తాకిడికి గ్రాఫైటులో పరమాణువులు తావు తప్పి శక్తి పేరుకొంటుందని విగ్నర్ అంతకు చాలాకాలం ముందే ఊహించాడు. ఆ శక్తిని అప్పుడప్పుడు నెమ్మదిగా వేడిచేసి విడుదల చేయడం అక్కడి ఆనవాయితీ. ఆ పని జరుగుతుండగానే మంటలు చెలరేగినవి. రేడియో ధార్మిక పదార్థం చుట్టుపక్కల పొలాలమీద పడగా పరిసర గ్రామాల పాలను పారబోయవలసి వచ్చినది.

1955లో హాలండ్, గాట్‌ఫ్రీడ్ అనే శాస్త్రజ్ఞులు శ్రీలంక జిర్కానులను వరుసగా పేర్చి పరిశీలించారు. యురేనియం తక్కువగా ఉన్నది మొదలు ఎక్కువగా ఉన్నది వరకు సాగే ఆ వరుస ఒక రోగం ముదిరే దశలను చూపినట్లు ఉన్నది. మొదట స్ఫటికం కొద్దిగా ఉబ్బుతుంది. తరువాత అక్కడక్కడ గాజు తునకలు ఏర్పడతాయి. చివరికి ఆ తునకలు ఒకదానిలో ఒకటి కలిసి రాయి అంతా గాజవుతుంది. అప్పటికి దాని ఘనపరిమాణం సుమారు 18 శాతం పెరుగుతుంది. ఒక గ్రాము జిర్కాన్ ఈ దశకు చేరడానికి కావలసిన ఆల్ఫా విఘటనల సంఖ్య, 1 తరువాత 19 సున్నలు పెడితే వచ్చే సంఖ్యకు చేరువలో ఉంటుంది. గాజు తునకలు ఒకదానికొకటి తగిలి రాయి పొడవునా బాట ఏర్పడిన దశ అన్నిటికన్న అపాయకరమైనది. అప్పుడు నీరు లోపలికి చొరబడుతుంది. లోపల బందీగా ఉన్న మూలకాలు బయటికి రావడం మొదలుపెడతాయి. రత్నపుర ప్రాంతంలోనే 1953లో ఎకనాయకె కనుగొన్న ఎకనైట్ అనే పచ్చని రత్నంలో థోరియం ఆక్సైడు నాలుగవ వంతుకు మించి ఉంటుంది. అది సాధారణంగా గాజు రూపంలోనే దొరుకుతుంది. చూడ ముచ్చటైన రాయే, కాని ఉంగరంలో పెట్టి ధరించదగినది కాదు.

ఇంధన బిళ్ళ

హైదరాబాదులో 1971లో నెలకొల్పిన అణు ఇంధన సముదాయంలో ఈ కథలోని రెండు రకాల పాత్రలూ కలుసుకొంటాయి. తీరప్రాంతపు జిర్కాన్ ఇసుక నుంచి అక్కడ జిర్కోనియం లోహాన్ని తీసి గొట్టాలుగా మలుస్తారు. యురేనియం డయాక్సైడు పొడిని బిళ్ళలుగా అదిమి, హైడ్రోజన్ వాతావరణంలో సుమారు 1,700 డిగ్రీల వద్ద కాల్చి, ఆ గొట్టాలలో పేరుస్తారు. బిళ్ళ పరిమాణం బొటనవేలి కొసకు మించదు. అటువంటి గొట్టాలను 19 లేక 37 చొప్పున కట్టగా కట్టి భారజల రియాక్టర్లకు పంపుతారు.

రియాక్టరులో ఈ బిళ్ళ అనుభవించేది జిర్కాన్ కోట్ల ఏళ్ళలో అనుభవించినదానికన్న తీవ్రమైనది. యురేనియం కేంద్రకం విచ్ఛిత్తి చెందినప్పుడు వెలువడే 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులలో సుమారు 17 కోట్లు రెండు శకలాల చలనశక్తిగా ఉంటాయి. శకలం ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరవ వంతు దూరం లోపే ఆగిపోతూ ఆ శక్తినంతా బిళ్ళలోనే కుమ్మరిస్తుంది. ఇంధనం పని ముగిసేసరికి బిళ్ళలోని ప్రతి పరమాణువూ వందలసార్లు తన స్థానం నుంచి తొలగించబడి ఉంటుంది. అయినా బిళ్ళ గాజు కాదు.

ఇందుకు కారణం దాని నిర్మాణంలోని వెసులుబాటు. యురేనియం డయాక్సైడులో ఆక్సిజన్ పరమాణువులు ఘనాకారపు గదుల మూలలలో అమరి ఉంటాయి. గది విడిచి గదిలో మాత్రమే యురేనియం ఉంటుంది. సగం గదులు ఖాళీ. ఫ్లోరైట్ అనే ఖనిజం పేరుతో పిలువబడే ఈ అమరికలో చెదరిన పరమాణువు తాత్కాలికంగా తలదాచుకోవడానికి చోటు ఉన్నది, అక్కడి నుంచి ఇల్లు చేరడానికి దారి కూడా ఉన్నది. పైగా అక్కడ పెనవేసుకొనే సిలికా గొలుసులు లేవు. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట సుమారు 200 కోట్ల ఏళ్ళ క్రితం ప్రకృతిలోనే అణు విచ్ఛిత్తి జరిగినట్లు 1972లో బయటపడినది. ఆ సహజ రియాక్టరులోని యురేనియం ఆక్సైడు ఖనిజం నేటికీ స్ఫటికంగానే ఉన్నది.

స్ఫటికంగా ఉన్నంత మాత్రాన దెబ్బ తగలలేదని కాదు. ప్రతి 100 విచ్ఛిత్తులకు సుమారు 25 నుంచి 30 వరకు జినాన్, క్రిప్టాన్ వాయువుల పరమాణువులు పుడతాయి. ఘనపదార్థంలో వాయువుకు చోటెక్కడిది? అవి బుడగలుగా చేరి బిళ్ళను ఉబ్బిస్తాయి. పింగాణి వేడిని సరిగా ప్రసరింపనీయదు కాబట్టి బిళ్ళ నడిమి భాగం 1,000 డిగ్రీలు దాటి కాగుతుండగా అంచు అందులో సగమైనా ఉండదు. ఈ వ్యత్యాసం వల్ల బిళ్ళ నిలువునా పగుళ్ళు తీస్తుంది. దీర్ఘకాలం మండించే ఇంధనంలో అంచు దగ్గరి రేణువులు, 10 మైక్రాన్ల పరిమాణం గలవి, విడిపోయి మైక్రానులో కొద్ది వంతు పరిమాణం గల చిన్న రేణువులుగా మారిపోతాయి. దెబ్బలను భరించలేని స్థితిలో కూడా అది గాజు కాక కొత్త స్ఫటికాలుగా సర్దుకొంటున్నదన్నమాట.

కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ పరీక్షా రియాక్టరు 1985 అక్టోబరు 18న పని ప్రారంభించినది. దానిలో ఆక్సైడుకు బదులు 70 శాతం ప్లుటోనియం కార్బైడు, 30 శాతం యురేనియం కార్బైడు కలిపిన పింగాణి ఇంధనాన్ని వాడారు. ఇంత ప్లుటోనియం గల కార్బైడును నడిపిన అనుభవం ప్రపంచంలో మరెవరికీ లేదు. చూచి నేర్చుకోవడానికి వేరొక దేశపు లెక్కలు లేవు. కార్బైడు ఆక్సైడుకన్న ఎక్కువగా ఉబ్బుతుంది. అందుచేత తక్కువ పరిమితితో మొదలుపెట్టి, దశదశకూ కొన్ని కడ్డీలను బయటికి తీసి, దళసరి సీసపు అద్దాల వెనుక యంత్రహస్తాలతో కోసి, బిళ్ళ ఎంత ఉబ్బినదో కొలిచి, తరువాతనే పరిమితి పెంచుతూ వచ్చారు. ఆ విధంగా ఈ ఇంధనం టన్నుకు 1,65,000 మెగావాట్-దినాల స్థాయిని చేరుకొన్నది. భారజల రియాక్టర్లలో ఇది 7,000 ప్రాంతంలో ఉంటుందని పోల్చి చూస్తే దీని విలువ బోధపడుతుంది.

ఇతర పింగాణులను గురించి కొద్దిగా చెప్పుకొంటే చాలు. సిలికాన్ కార్బైడు 300 డిగ్రీల దరిదాపుల్లో న్యూట్రాన్ల తాకిడికి రెండు శాతం దాకా ఉబ్బి ఆగిపోతుంది. అయితే వేడిని ప్రసరింపజేసే గుణాన్ని చాలావరకు కోల్పోతుంది. 150 డిగ్రీల లోపు దెబ్బలు మితిమీరితే గాజవుతుంది. అంటే కొంత వేడిగా ఉంటేనే దానికి క్షేమం. అల్యూమినియం ఆక్సైడు, బెరిలియం ఆక్సైడులు ఒక దిశలో ఎక్కువగా, మరొక దిశలో తక్కువగా ఉబ్బడం వల్ల రేణువుల సరిహద్దులలో చీలికలు తీస్తాయి. రత్నపుర బుట్టలో మిగిలే స్పినెల్ రాయి మాత్రం న్యూట్రాన్లను ఆశ్చర్యకరంగా ఓర్చుకొంటుంది. దానిలో మెగ్నీషియం, అల్యూమినియం పరస్పరం చోట్లు మార్చుకొన్నా కట్టడానికి పెద్ద హాని లేదు. పంక్తిలో ఒకరి విస్తరి ముందు మరొకరు కూర్చొని భోజనం సాగించినట్లే.

వేల ఏళ్ళ కాపలా

రియాక్టరులో ఇంధనం ఉండేది నెలలు, కొద్ది ఏళ్ళు. వ్యర్థాల సంగతి అట్లా కాదు. భారతదేశంలో వాడిన ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియంలను వేరుచేసి తిరిగి వినియోగించే విధానం అనుసరిస్తున్నారు. మిగిలిన ద్రవంలో సీజియం, స్ట్రాన్షియంల వంటి 30 ఏళ్ళ అర్ధ జీవితకాలం గల మూలకాలు, వాటితోపాటు అమెరీషియం, నెప్ట్యూనియం వంటి దీర్ఘాయువులు ఉంటాయి. అమెరీషియం-241 అర్ధ జీవితకాలం 432 ఏళ్ళు. నెప్ట్యూనియం-237ది 21 లక్షల ఏళ్ళు. ఈ ద్రవాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి కరగించి స్టీలు డబ్బాలలో పోసే కర్మాగారం తారాపూర్‌లో 1985లోను, ట్రాంబేలో 2002లోను మొదలైనవి. కల్పాక్కంలోనూ ఉన్నది. ట్రాంబే వ్యర్థంలో సల్ఫేటు ఎక్కువ కనుక అక్కడ బేరియం చేర్చిన గాజు వాడతారు. గాజు ముందుగానే గాజు కాబట్టి వికిరణం దానిని కొత్తగా గాజు చేయలేదు, అదొక సౌకర్యం. కాని వేడి నీరు తగిలితే గాజు స్ఫటికంకన్న తొందరగా కరుగుతుంది.

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రింగ్‌వుడ్ 1978లో వేరొక మార్గం సూచించాడు. కోట్ల ఏళ్ళుగా యురేనియం, థోరియంలను తమలో దాచుకొన్న ఖనిజాలు ప్రకృతిలో ఉండగా, వాటినే కృత్రిమంగా తయారుచేసి వ్యర్థాలను వాటి స్ఫటికాలలో ఇమిడ్చివేయరాదా? ఇంగ్లీషులో 'సిన్‌రాక్' అని పేరుపొందిన ఈ కృత్రిమ శిలలో జిర్కొనొలైట్ అనే ఖనిజం ముఖ్యమైనది. శ్రీలంకలో దొరికే సహజ జిర్కొనొలైట్‌లో థోరియం ఆక్సైడు ఐదవ వంతు ఉంటుంది. 55 కోట్ల ఏళ్ళలో అది గాజుగా మారిపోయినది. అయినా తన యురేనియం, థోరియంలను పోగొట్టుకోలేదు. గాజు కావడం, బందీలను వదలివేయడం ఎల్లప్పుడూ ఒకటే కాదని దీనివల్ల తెలిసినది.

ఇంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. మిగులు ప్లుటోనియాన్ని జిర్కాన్‌లో బంధించవచ్చునని కొందరు ప్రతిపాదించిన దరిమిలా, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ఫార్నన్, ఆయన సహచరులు చెదరిన పరమాణువులను లెక్కించే కొత్త పద్ధతిని 2007లో ప్రకటించారు. ఒక్కొక్క విఘటనలో చెదరేవి సుమారు 5,000 అని, అది అంతకు పూర్వపు అంచనాలకన్న ఎంతో హెచ్చని తేలినది. 10 శాతం ప్లుటోనియం-239 గల జిర్కాన్ 1,400 ఏళ్ళలోనే గాజవుతుందని వారి లెక్క. ప్లుటోనియం-239 అర్ధ జీవితకాలం 24,100 ఏళ్ళు. దానికి రెండు లక్షల ఏళ్ళకు మించిన కాపలా కావాలి. కాపలావాడు మాత్రం పద్నాలుగు వందల ఏళ్ళకే కూలబడుతున్నాడు.

1999, 2000 సంవత్సరాలలో అమెరికా పరిశోధకులు కనుగొన్న ఒక విషయం ఇక్కడ పేర్కొనదగినది. గాడొలినియం, టైటానియం, ఆక్సిజన్ కలిసిన పింగాణి ఇటువంటి పరిస్థితిలో వెయ్యేళ్ళ లోపే గాజవుతుంది. టైటానియం బదులు జిర్కోనియం వేస్తే అది గాజు కానే కాదు. గాడొలినియం, టైటానియం పరమాణువుల పరిమాణాలకు పొంతన లేదు. ఒకదాని చోట మరొకటి ఇమడదు. గాడొలినియం, జిర్కోనియంల పరిమాణాలలో తేడా అంతకన్న తక్కువ కాబట్టి చెదరిన తరువాత ఎవరి చోట ఎవరు కూర్చున్నా చెల్లుతుంది. కట్టడం క్రమంగా ఫ్లోరైట్ నమూనాలోకి సర్దుకొంటుంది. ఇంధన బిళ్ళను కాపాడిన అమరికే ఇది.

ఇక మోనజైటు. ప్రయోగశాలలలో బరువైన అయాన్ల ధారను దాని మీదికి వదలినప్పుడు అది కూడా మామూలు ఉష్ణోగ్రత వద్ద గాజుగా మారినది. కేరళ ఇసుకలోని రేణువు మారలేదు, ప్రయోగశాలలోని రేణువు మారినది. ఫాస్ఫేటు స్వభావం ఒక్కటే కారణమైతే రెండూ ఒక తీరుగా ఉండవలసినది కదా! ఈ చిక్కును ఫ్రాన్సు పరిశోధకులు విప్పి 2018లో ప్రకటించారు. వారు వెనుకపోటు కేంద్రకానికి మారుగా బంగారు అయాన్లను, ఆల్ఫా కణాలకు మారుగా హీలియం అయాన్లను కలిపి ఒకే కాలంలో మోనజైటు మీదికి పంపారు. బంగారు అయాన్లు ఒంటరిగా పడితే చెదరిపోయే స్ఫటికం, హీలియం తోడైనప్పుడు నిలబడినది. ఆల్ఫా కణం దారిపొడవునా ఎలక్ట్రాన్లను కదలిస్తూ వెచ్చించే శక్తి, చెదరిన పరమాణువులకు కావలసినంత చలనం కలిగించి వాటిని స్వస్థానాలకు చేరుస్తున్నది. ఒకే విఘటనలో పుట్టిన జంటలో ఒకటి పడగొడుతుంటే రెండవది లేవనెత్తుతున్నది. అంతకు ముందటి ప్రయోగాలు పడగొట్టేదానిని మాత్రమే తెచ్చి పరీక్షించినవి.

ఈ ఉదాహరణ వల్ల పరీక్షా విధానాల మీదనే కొత్త ప్రశ్న లేచినది. వేల ఏళ్ళలో తగిలే దెబ్బలను శాస్త్రజ్ఞులు గంటలలో, నెలలలో కుదించి చూడవలసి ఉన్నది. న్యూఢిల్లీలోని అంతర్విశ్వవిద్యాలయ త్వరణ యంత్ర కేంద్రంలోని పెలెట్రాన్ యంత్రం, కల్పాక్కంలోని త్వరణ యంత్రాలు అయాన్ల ధారలతో ఈ పని చేస్తున్నవి. మరొక పద్ధతి, ప్లుటోనియం-239 స్థానంలో 87.7 ఏళ్ళ అర్ధ జీవితకాలం గల ప్లుటోనియం-238ని పింగాణిలో కలపడం. అప్పుడు ఒక సంవత్సరంలో తగిలే దెబ్బలు సుమారు 275 సంవత్సరాల దెబ్బలకు సమానమౌతాయి. ఆల్ఫా కణమూ, వెనుకపోటు కేంద్రకమూ రెండూ సహజమైన పాళ్ళలోనే ఉంటాయి. కాని కుదురుకోవడానికి దొరికే వ్యవధి కూడా అంతే మేరకు కుదించుకొనిపోతుంది. అందుకే ఇటువంటి ప్రయోగ ఫలితాన్ని 55 కోట్ల ఏళ్ళ సహజ ఖనిజంతో సరిపోల్చనిదే దానిని నమ్మడానికి పరిశోధకులు ఇష్టపడరు.

రష్యాలో జరిగిన అటువంటి ప్రయోగంలో లాంతనం మోనజైటులో 8 శాతం ప్లుటోనియం-238ని కలిపి ఉంచగా అది స్ఫటికంగానే నిలిచినది. లాంతనం ఏమీ లేకుండా పూర్తిగా ప్లుటోనియం ఫాస్ఫేటుగానే తయారుచేసిన నమూనా, దానికన్న తక్కువ దెబ్బలకే ఉబ్బి, పగిలి, దాదాపు మొత్తం గాజయిపోయినది. రెంటి స్ఫటిక నిర్మాణమూ మోనజైటు నిర్మాణమే. పాళ్ళలో మాత్రమే తేడా. 8 శాతానికి, నూరు శాతానికి మధ్య ఏ చోట ఆ గీత గీయాలో నిర్ణయించడానికి ప్రయోగాలు సాగుతున్నవి.